గోదావరి డెల్టాలో విగ్రహాల జాబితా

ఆదివారం: రాజమండ్రి, ధవళేశ్వరం

షీట్‌లో గడులు ఇవి: ఊరు, సెంటర్ పేరు, ఎవరి బొమ్మ, నిలువెత్తుదా ఛాతీ వరకేనా, దేనితో చేశారు, ఏ దిక్కు చూస్తోంది, ఎప్పుడు పెట్టారు, ఎవరు ఆవిష్కరించారు, డబ్బులు ఎవరిచ్చారు, బొమ్మ ఎవరు చేశారు. చివరి గడి నేను పట్టుబట్టి పెట్టించింది. ఫొటో, లొకేషన్ సంగతి ఫోన్ చూసుకుంటుంది. మిగతాదంతా దిమ్మె దగ్గర నిలబడి, ఫలకం చదివి, చుట్టుపక్కల వాళ్లని అడిగి రాసుకోవాల్సిందే. రోడ్ల మీద, సెంటర్లలో, పార్కుల్లో ఉన్న విగ్రహాలన్నిటికీ ఒక జాబితా తయారుచేద్దామని స్నేహితులం తలో ప్రాంతం పంచుకున్నాం. నాకు గోదావరి డెల్టా వచ్చింది. బండి నడపడానికి మా బావ దొరికాడు. రావులపాలెం దగ్గర ఊరు, అరటి గెలల వ్యాపారం. "నాలుగ్రోజులు మార్కెట్‌కి వెళ్లకపోతే కొంపలేం మునిగిపోవులే బావా" అన్నాడు. నేనూ అతన్ని బావా అనే అంటాను.

రిపబ్లిక్ డే వెళ్లిన వారమే బయల్దేరడం కలిసొచ్చింది. ఆ రోజు కడిగి, రంగులేసి, దండలేసిన బొమ్మలు ఇంకా శుభ్రంగానే ఉన్నాయి. దండలు మాత్రం ఎండిపోయి గాంధీగారి మెడకి తాళ్లలా వేలాడుతున్నాయి.

రాజమండ్రిలో పని మొదలుపెడితే ఇక తెమలదు. గోదావరి గట్టు వెంట నడుస్తూ పోతే చాలు, ఒకరి తర్వాత ఒకరు కనిపిస్తూనే ఉంటారు. కందుకూరి వీరేశలింగం ఊరు ఇది. 1881 డిసెంబర్ 11న తొలి వితంతు వివాహం జరిపించింది ఇక్కడే. 1890లో టౌన్ హాలు కట్టించిందీ ఆయనే. ఈ ఊళ్లో ఆయన బొమ్మ దగ్గర ఆగి ఇదెవరని అడిగితే మనల్నే ఎగాదిగా చూస్తారు. కానీ బొమ్మ ఎవరు చేశారని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఇది కళాకారుల్ని మర్చిపోయే ఊరు కూడా కాదు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన దామెర్ల రామారావు పేరుతో ఆర్ట్ గ్యాలరీ పెట్టుకుని, ఆయన బొమ్మల్ని ఇప్పటికీ కాపాడుకుంటున్న ఊరు. రంగులద్దినవాడి పేరు నిలిచింది, మట్టి పిసికినవాడి పేరు నిలవలేదు. మధ్యాహ్నానికే నా చివరి గడిలో వరసగా అడ్డగీతలు పడ్డాయి.

ఫలకాల తీరు కూడా ఒక పద్ధతిలో ఉంటుంది. పైన పెద్ద అక్షరాల్లో ఆవిష్కరించినవారి పేరు, పదవితో సహా. దాని కింద అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథులు, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు. ఆ తర్వాత కమిటీ సభ్యులు. విగ్రహం ఎవరిదో ఆయన పేరు కొన్నిచోట్ల అందరి మధ్యలో వెతుక్కోవాలి. ఒక ఫలకం మీద మైక్ సెట్ ఇచ్చినవాళ్ల పేరు కూడా చూశాను. శిల్పి పేరు లేదు.

సాయంత్రం ధవళేశ్వరం వెళ్లాం. సర్ ఆర్థర్ కాటన్ లేకపోతే ఈ జాబితాయే ఉండదని బావ వాదన. అందులో నిజం లేకపోలేదు. 1832-33 నందన కరువు, 1839 తుఫాను తర్వాత ఈ జిల్లా జనం చెల్లాచెదురైపోయారు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టాక డెల్టాకి కాలవల నీళ్లు వచ్చాయి. పంట వచ్చింది, పంటతో డబ్బు, డబ్బుతో ఊళ్లు, ఊళ్లలో సెంటర్లు, సెంటర్లలో బొమ్మలు. పాత ఆనకట్ట పోయి 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చినా దానికీ కాటన్ పేరే పెట్టారు. నాలుగు పాయల మీద కలిపి 175 గేట్లు. ఆయన కాలం నాటి పనిముట్లు, నమూనాలు దాచిన మ్యూజియం ధవళేశ్వరంలోనే ఉంది. గుర్రం మీద కూర్చున్న కాటన్ని ఇక్కడ చూడొచ్చు.

డెల్టా లోపలికి వెళ్తే ఆయన బొమ్మ లేని పెద్ద ఊరు అరుదు. వీటిలో చాలావాటికి రైతులే చందాలేసుకున్నారు. తెల్లవాళ్ల విగ్రహాలు దేశమంతా పీకి మ్యూజియాల్లో పడేస్తే, ఇక్కడ స్వతంత్రం వచ్చాక కూడా ఒక తెల్లవాడికి కొత్తగా బొమ్మలు పెడుతూనే వచ్చారు. ఆయన్ని భగీరథుడితో పోలుస్తూ స్నాన సంకల్పంలో శ్లోకమే కట్టుకున్నారు. పుష్కరాల్లో ఆయనకి పిండం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఒకటి గమనించాను. ఆనకట్ట కట్టేనాటికి కాటన్ నలభై దాటిన మనిషి. కానీ అందరికీ దొరికే ఫొటో ముసలితనంలోది. అందుకని ఛాతీ వరకు ఉన్న బొమ్మలన్నీ ముసలాయనవి. గుర్రమెక్కించినప్పుడు మాత్రం శిల్పులు ఆయన వయసు తగ్గించేశారు.

సోమవారం: ర్యాలి, రావులపాలెం, కొత్తపేట

బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దాటి, ఆత్రేయపురం మీదుగా ర్యాలి. పూతరేకుల షాపుల దగ్గర ఆగకుండా వెళ్లడం కుదరదు, ఆగాం.

ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి మా జాబితాలోకి రాడు. గుళ్లో మూలవిరాట్టు పబ్లిక్ విగ్రహం కాదు కదా. అయినా ఈ దారిలో వచ్చి ఆయన్ని చూడకుండా పోతే శిల్పం గురించి మాట్లాడే అర్హత ఉండదనిపించింది. నల్లరాతి బొమ్మ. ముందు నుంచి విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని. జడ, ముడి, నడుము వంపు, అన్నీ వెనక ఉన్నాయి. పూజారిగారు దీపం పైకెత్తి ఒక్కొక్కటీ చూపించారు. వెనకవైపు ఎవరూ చూడరని చెక్కినవాడు ఏదీ వదిలెయ్యలేదు. రోడ్డు మీద బొమ్మలకి వెనకవైపు చూస్తే కోటు మడతలు కూడా ఉండవు, నున్నగా పూసేస్తారు.

ఇక్కడా శిల్పి పేరు లేదు. గుడి శిల్పి పేరు చెప్పుకోకపోవడం భక్తి అంటారు. మరి రోడ్డు మీద బొమ్మకి ఏమనాలి?

రావులపాలెంలో గెలల లారీల మధ్య నిలబడి ఫొటోలు తీస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. "రోడ్డు వెడల్పు చేత్తున్నారాండి?" ఈ ప్రశ్న మాకు ప్రతి ఊళ్లోనూ వచ్చింది. టేపు పట్టుకుని దిమ్మె కొలిస్తే ఎవరైనా అదే అనుకుంటారు. కాదండి, ఊరికే రాసుకుంటున్నాం అంటే నమ్మలేదు. బావ రంగంలోకి దిగి, "మావాడు పుస్తకం రాత్తన్నాడండి" అన్నాడు. ఆయ్, అలాగాండి అని వెంటనే ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేశాడు. ఎవరు చందా ఎగ్గొట్టారో కూడా. అక్కణ్నుంచి ప్రతిచోటా నేను పుస్తకం రాస్తున్నవాణ్నే.

ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకి ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. ఆ తర్వాత పెట్టినవి కూడా నా షీట్‌లో బాగానే చేరాయి. ఎలా పెట్టారని అడిగితే, ఒకచోట పంచాయతీ స్థలం అన్నారు, ఒకచోట అది రోడ్డు కాదు మార్జిన్ అన్నారు. ఒకచోట మాత్రం దాపరికం లేకుండా, "రాత్రికి రాత్రి దిమ్మె కట్టేశామండి, తెల్లారేసరికి బొమ్మెక్కేసింది. ఎక్కాక ఎవడు దింపుతాడండి?" అన్నారు. నిజమే. బొమ్మని దింపడం కంటే రోడ్డుని వంచడం తేలిక. మా దారిలో అలా వంగిన రోడ్లు చూశాం.

కొత్తపేట కోసమే నేను ఈ ప్రాంతం ఒప్పుకున్నాను. విగ్రహాల ఊరుగా దీనికి పేరు. ఇక్కడి శిల్పి డి. రాజ్‌కుమార్ వుడయార్ చేసిన బొమ్మలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తన తల్లిదండ్రుల విగ్రహాలు ఈయనకే పురమాయించారు. ఆ తర్వాత తన బొమ్మ కూడా చెయ్యమన్నారు. అది పూర్తయ్యేలోపే 2020 సెప్టెంబర్ 25న ఆయన వెళ్లిపోయారు. ఆ వార్త వచ్చినప్పుడే చాలామందికి కొత్తపేట పేరు తెలిసింది.

మేం ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం రోడ్డు పక్కన ఒక చిన్న షెడ్డులో. మేస్త్రిగారూ, ఇద్దరు కుర్రాళ్లు. మధ్యలో ఎవరో ఒక మాజీ సర్పంచి మట్టిలో నిలబడి ఉన్నాడు, నడుము దాకా తడి గోనెసంచి చుట్టుకుని. మట్టి ఆరితే బీటలిస్తుంది కాబట్టి పని చెయ్యని చోటల్లా అలా కప్పి ఉంచుతారు. లోపల ఇనప ఊచల అస్థిపంజరం ఉంటుంది, దాని మీద బంకమన్ను. పోలిక కుదిరిందని ఇంటివాళ్లు ఒప్పుకున్నాక, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. ఆ అచ్చు లోపల గ్లాస్ ఫైబర్ పరిచి రెజిన్ పూసుకుంటూ పోతే ఫైబర్ బొమ్మ తయారు. కంచుదైతే మైనం, కొలిమి, పోత, సానపట్టడం. ఖర్చూ ఎక్కువే, నెలలూ ఎక్కువే. అందుకే ఊళ్లలో మనకి కనిపించే కంచు చాలావరకు ఫైబర్ మీద పూసిన కంచు రంగు. వేలితో కొట్టి చూస్తే తెలిసిపోతుంది. ఫైబర్ డొల్లగా డబ్‌మంటుంది. నేను ప్రతి బొమ్మ పాదమూ తట్టి చూడ్డం మొదలుపెట్టింది ఇక్కణ్నుంచే.

గోడ వారన తలలు లేని శరీరాల అచ్చులు వరసగా ఆనించి ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నానని మేస్త్రిగారు నవ్వారు.

"కండువా ఉన్న బాడీ ఒకటేనండి. తల మారుద్ది."

"పోలిక ఎలా పట్టుకుంటారండి?"

"ఫ్లెక్సీలో వేసిన ఫొటో తెత్తారండి. ఎదర నుంచి తీసింది. పక్క నుంచి ఎవడూ ఫొటో తీయించుకోడు కదండీ? చెవి ఎక్కడుందో, మెడ ఎలా ఉందో మేమే ఊహించుకోవాలి. బొమ్మయ్యాక వాళ్లావిడొచ్చి, మా ఆయన ముక్కు ఇలా ఉండదు అంటది. ఆవిడ చెప్పిందే రైటండి. మళ్లీ సరిచేత్తాం."

అన్నిటికన్నా కష్టం కళ్లజోడూ, నవ్వూనట. నవ్వు కొంచెం ఎక్కువైతే వెక్కిరింపు అయిపోతుంది. తక్కువైతే పోయిన మనిషిలా ఉన్నాడంటారు. పోయాడు కాబట్టే కదండీ బొమ్మ చేయిస్తున్నారు అని పక్కనున్న కుర్రాడు అన్నాడు. మేస్త్రిగారు కసిరారు.

అడగాల్సింది అడిగాను. మీ పేరు ఎందుకు వేసుకోరు?

"ఫలకం కమిటీవాళ్లదండి. మన పేరెందుకు వేత్తారు? బిల్లు మీద ఉంటది కదండీ మన పేరు." కాసేపాగి మళ్లీ అన్నారు, "కొంతమంది మడమ వెనకాల వేసుకుంటారండి. ఫోన్ నంబరుతో సహా. రంగులేసినప్పుడు కప్పడిపోద్ది."

మంగళవారం: అంబాజీపేట, పి. గన్నవరం, అమలాపురం

మడమ మాట వినగానే పని మారిపోయింది. ఇప్పటిదాకా ముందు నిలబడి ఫొటో తీసుకుని, ఫలకం చదువుకుని వచ్చేసేవాళ్లం. ఇక బావ దిమ్మె ఎక్కి వెనక్కి వెళ్లి, టార్చి వేసి మడమలు చూడ్డం, నేను కింద నిలబడి జనానికి సమాధానం చెప్పుకోవడం. చెప్పులు విప్పి ఎక్కమని ముందే చెప్పాను. అది మర్యాదా, మన క్షేమం కూడా.

నిన్న రాత్రి పడుకునే ముందు కాపీరైట్ చట్టం చూసుకున్నాను. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాన్ని ఫొటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి మా పనికి ఢోకా లేదు. దాని తర్వాత 57వ సెక్షన్ ఉంది. అమ్మేసినా సరే, ఆ పని నాదేనని చెప్పుకునే హక్కు చేసినవాడికే ఉంటుందని. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పం ఆయనకి తిరిగి ఇమ్మంది, 5 లక్షల పరిహారం కూడా ఇమ్మంది. పొద్దున టీ తాగుతూ బావకి ఇదంతా చెప్పాను. "అంటే మేస్త్రిగారు కేసేస్తే గెలుస్తారా?" అన్నాడు. గెలవచ్చేమో. ఆ తర్వాత ఆర్డర్లు ఎవరిస్తారు?

అంబాజీపేటలో కొబ్బరికాయల గుట్టల వెనక ఒక గాంధీ, ఒక పొట్టి శ్రీరాములు. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15 రాత్రి ప్రాణం విడిచిన మనిషి ఆయన. బొమ్మలు చేసేవాళ్లు మాత్రం బుగ్గలు నిండుగా పెట్టేస్తారు. దీక్షలో చిక్కిపోయిన మొహం చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోరేమో.

పి. గన్నవరంలో వైనతేయ పాయ మీద నుంచి కాలవని దాటించే అక్విడక్టు ఉంది. 1850ల్లో కట్టిన పాత దానికి 49 ఆర్చీలు. పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఈ లంకల గన్నవరం ఇల్లాలు వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టింది. అదే ఆమె చేసిన పని. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమె ఫొటో కావాలని లండన్ నుంచి కబురొచ్చిందనీ, ఆమె వద్దంటే కలెక్టరు బతిమాలి తీయించాడనీ ఇక్కడ కథలా చెప్పుకుంటారు. ఇక్కడ ఆమె బొమ్మ చూస్తే ఆ ఫొటోయే గుర్తొస్తుంది. తల మీద ముసుగు, కాస్త ఇబ్బందిగా చూస్తున్న కళ్లు. జాబితా మొత్తంలో నాకు నచ్చిన మొహం ఇదే. చెయ్యెత్తలేదు, వేలు చూపించలేదు. పక్క కొట్టు ఆవిడ, "సీతమ్మగారికి ఫొటో తీత్తన్నారా? అన్నం తిన్నారాండి మీరు?" అని అడిగింది. తినలేదని చెబితే పెట్టే రకం. తిన్నామని చెప్పేశాం.

నా షీట్‌లో ఆడవాళ్ల వరసలు చాలా తక్కువ. సీతమ్మగారు, ఇందిరాగాంధీ, అక్కడక్కడా మదర్ థెరిసా, తెలుగుతల్లి. ఊరి బడికి స్థలమిచ్చిన ఒకావిడ ఛాతీ విగ్రహం దొరికింది, దాని మీద ఆవిడ పేరు కన్నా భర్త పేరు పెద్దది.

అమలాపురానికి చేరేసరికి సాయంత్రమైంది. ఈ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. ఆ పేరు మీద 2022 మే 24న ఈ ఊళ్లో ఇళ్లు తగలబడ్డాయి. ఇప్పుడు బోర్డుల మీద పూర్తి పేరు ఉంది, మాటల్లో ఎవరికి నచ్చినట్టు వాళ్లు అంటున్నారు. కోనసీమలో పేటకొక అంబేడ్కర్ ఉన్నాడు. లెక్కలో ఆయన్ని మించినవాళ్లు మాకు కనపడలేదు. నీలం కోటు, ఎర్ర టై, ఎడమ చేతిలో రాజ్యాంగం, కుడి చేతి చూపుడు వేలు ముందుకి. ఈ భంగిమకి పెద్ద ఆధారం పార్లమెంటు ఆవరణలోని కంచు విగ్రహం. 1967 ఏప్రిల్ 2న రాష్ట్రపతి రాధాకృష్ణన్ ఆవిష్కరించారు, చేసింది బి.వి. వాఘ్. ఈ దేశంలో ఇన్ని నకళ్లు వచ్చిన మరో శిల్పం ఉంటుందా అని నా అనుమానం. వాఘ్ పేరు మాత్రం ఏ పేటలోనూ వినపడలేదు.

విజయవాడలో 2024 జనవరి 19న పెట్టిన అంబేడ్కర్ బొమ్మ 125 అడుగులు, కింద పీఠం ఇంకో 81 అడుగులు. దాన్ని చూడ్డానికి పనిగట్టుకుని వెళ్తారు. పేటలో బొమ్మ అలా కాదు. దాని కింద అరుగు మీద కుర్రాళ్లు చదువుకుంటారు, పెళ్లికొడుకు ఊరేగింపు ముందు ఇక్కడే ఆగుతుంది, పంచాయితీ ఇక్కడే జరుగుతుంది. చాలాచోట్ల చుట్టూ ఇనప గ్రిల్ ఉంది, తాళం ఉంది. ఎందుకని అడగనక్కర్లేదు. ఒకచోట తాళం చెవి ఉన్న తాతగారిని వెతికి పట్టుకున్నాం. మడమ చూస్తామంటే ముందు వింతగా చూసి, తర్వాత తనే గ్రిల్ తీసి, టార్చి పట్టుకున్నాడు. నీలం రంగు కింద గీతలు తగిలాయి. గోటితో కాస్త రుద్దితే మూడక్షరాలు, ఒక ఊరి పేరు సగం. నంబరులో ఆరంకెలే మిగిలాయి, ఎస్టీడీ కోడ్ కాలం నాటివి.

"ఇంతకాలం నేను కడుగుతున్నాను బాబూ, ఇది చూళ్లేదు" అన్నాడు తాతగారు.

చివరి గడిలో మొదటిసారి అడ్డగీత కాకుండా ఏదో రాశాను.

బుధవారం: రాజోలు, చించినాడ, పాలకొల్లు

రాజోలు చకచకా అయిపోయింది. పార్టీ నాయకుల బొమ్మలే ఎక్కువ. ఎన్టీఆర్ చెయ్యెత్తి, వైఎస్ఆర్ తెల్ల పంచెలో నవ్వుతూ చెయ్యి ఊపుతూ, వంగవీటి రంగా నమస్కారం పెడుతూ. ఏ సెంటర్లో ఎవరున్నారో చూస్తే ఆ వీధిలో ఎవరుంటారో బావ చెప్పేస్తున్నాడు, ఒక్కటీ తప్పలేదు. నేను ఆ గడి పెట్టలేదు, పెట్టను కూడా. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు వీళ్లందరికీ గుడ్డలు కట్టేస్తారు. ఒకచోట అప్పటి తాడు ఇంకా దిమ్మెకి ఉండిపోయింది.

లంక ఊళ్లో ఒక గాంధీ దగ్గర కాస్త ఆగాలి. సిమెంటు బొమ్మ. కళ్లజోడు ఎప్పుడో పోయింది. ఎవరో రాగితీగ రెండు చుట్లు చుట్టి ముక్కు మీద దిగ్గొట్టారు, ఆ ముక్కు దగ్గర సిమెంటు పెచ్చులూడి లోపలి ఊచ తుప్పుపట్టి కనిపిస్తోంది. చేతికర్ర స్థానంలో పీవీసీ పైపు. పెచ్చు ఊడినచోట రంగులు పొరలు పొరలుగా ఉన్నాయి. పైన వెండి రంగు, దాని కింద బంగారు రంగు, దాని కింద ముదురు గోధుమ, అన్నిటికన్నా లోపల సున్నం. ఏటా రెండుసార్లు రంగు వేసే పంచాయతీ మనిషి వచ్చాడు. ఈసారి బంగారు రంగు డబ్బా దొరకలేదని వెండి వేశానని చెప్పాడు. "ఆగస్టుకి మళ్లీ బంగారం వేసేత్తానండి."

చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి. పాలకొల్లు సినిమావాళ్ల ఊరు. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య ఇద్దరిదీ ఇదే, ఇద్దరి బొమ్మలూ ఉన్నాయి. సినిమావాళ్ల బొమ్మ చెయ్యడం తేలికనుకున్నాను, ఫొటోలకి కొదవ ఉండదు కదా అని. కానీ జనం తెర మీద చూసిన మొహాన్నే అడుగుతారు. రామలింగయ్య కదలకుండా నిలబడితే ఆయనలా ఉండడు. కాసేపు చూశాక నాకు నవ్వొచ్చింది, బొమ్మని చూసి కాదు, ఏవో సీన్లు గుర్తొచ్చి.

గురువారం: భీమవరం, తాడేపల్లిగూడెం

భీమవరం ఏఎస్ఆర్ నగర్‌లో అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం 30 అడుగులు. ఆయన 125వ జయంతికి, 2022 జూలై 4న ప్రధాని మోదీ ఆవిష్కరించారు. ఇది ఫైబర్ కాదు, తట్టి చూడక్కర్లేదు. మెడ వెనక్కి వాల్చి చూడాల్సిందే. మడమలు మా తల కన్నా ఎత్తున ఉన్నాయి కాబట్టి బావకి ఈ రోజు సెలవు.

ఎక్కడ చూసినా సీతారామరాజు విల్లంబులతోనే ఉంటాడు. చరిత్ర చూస్తే 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆ పై రోజు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా పడి ఆయన దళం పట్టుకుపోయింది తుపాకులు. చేతిలో తుపాకీతో ఉన్న రాజు బొమ్మ నాకు ఈ దారిలో ఒక్కటీ తగల్లేదు. మొహం సంగతికొస్తే, 1974లో ఆయన మీద సినిమా వచ్చాక పెట్టిన బొమ్మల్లో హీరో కృష్ణగారి పోలిక అక్కడక్కడా తొంగిచూస్తుంది. ఇది నా అభిప్రాయం. పార్కులో వాకింగ్‌కి వచ్చిన రిటైర్డ్ మాస్టారు ఒప్పుకోలేదు. రాజుగారే అంత అందంగా ఉండేవారని వాదించారు.

మధ్యాహ్నం తాడేపల్లిగూడెం. ఎస్.వి. రంగారావు బొమ్మ, 2019లో చిరంజీవి ఆవిష్కరించారు. రైలు టైమ్ దగ్గరపడుతోంది, ఫలకం ఫొటో తీసుకుని స్టేషన్‌కి వెళ్లిపోయాం. బావ అక్కణ్నుంచి రావులపాలెం తిరిగెళ్లాడు.

రైల్లో కూర్చుని షీట్ సరిచేశాను. శిల్పి గడి నిండినవాటిలో సగం మడమల నుంచి వచ్చినవి, మిగతా సగం తర్వాత నేను ఫోన్లో పంపిన ఫొటోలు చూసి కొత్తపేట షెడ్డు మేస్త్రిగారు, ఇది ఫలానా ఆయన చెయ్యి అని చెప్పినవి. కనురెప్ప తీర్చిన పద్ధతి, పంచె కుచ్చిళ్లు చూసి ఆయన గుర్తుపట్టేస్తారు. మళ్లీ కొత్తపేట వెళ్లి ఆయన దగ్గర ఇంకో పూట కూర్చుంటే సగం ఖాళీలు నిండుతాయి. షెడ్లలో ఆర్డర్ పుస్తకాలు కూడా ఉంటాయి. తేదీ, అడ్వాన్సు, కమిటీవాళ్ల పేర్లు, అన్నీ పెన్సిల్‌తో రాసి.

తెనాలి వైపు వెళ్లబోతున్న మావాళ్లకి మెసేజ్ పెట్టాను. ముందు సెంటర్లు తిరక్కండి, బొమ్మలు చేసే షెడ్లకి వెళ్లండి. ఆర్డర్ పుస్తకం చూపిస్తారా అని అడగండి. టార్చి, మెత్తటి బ్రష్షు, తడిగుడ్డ పట్టుకెళ్లండి. చెప్పులు విప్పి ఎక్కండి. ఎవరైనా అడిగితే పుస్తకం రాస్తున్నామనండి.